వల్లిమ్మ రుద్దనన్న కాలు

మా ఊరు మూన్నుకడవులో నా ఈడు వాళ్లందరి ముక్కులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దానికి కారణం మా అమ్మమ్మ. మేం ఆమెని వల్లిమ్మ అని పిలుస్తాం. ఊళ్లో ఆమె పేరు ఇయ్యాచ్చుత్త. ఏ ఇంట్లో కాన్పయినా మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లేది. నలభై రోజులు బాలింతకి నూనె రాసి ఒళ్లు పట్టి, వేణ్ణీళ్లు పోసి, పొట్టకి గుడ్డ బిగించి కట్టేది. తర్వాత బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని తల గుండ్రంగా నొక్కి, ముక్కు పట్టి లాగేది. అలా లాగిన ముక్కులే ఇవాళ పంచాయతీ ఆఫీసులోనూ, బస్టాండులోనూ, పెళ్లిపందిళ్లలోనూ తిరుగుతున్నాయి.

నా ముక్కు మాత్రం చప్పిడి.

"ఊరందరి ముక్కులూ తీర్చావు, నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టిందా?" అని అడిగేదాన్ని.

"నీది ముక్కయితే కదే లాగడానికి. అది మొండితనం. లాగేకొద్దీ లోపలికి పోయింది" అనేది.

వల్లిమ్మకి చదువు రాదు. అయినా ఆమె పనికి ఒక కొలత ఉండేది. మొదటి రోజునే బాలింత పొట్ట చుట్టూ తెల్ల నూలుదారం చుట్టి, కొలత తేలిన చోట ముడి వేసేది. వారానికోసారి మళ్లీ చుట్టి ఇంకో ముడి. నలభయ్యో రోజున ఆ దారం బాలింత చేతిలో పెట్టి, "ఎంత తగ్గావో ఇందులో ఉంది. నన్ను మాత్రం అడక్కు" అనేది. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా ఆమే నన్ను వెనకేసుకొచ్చింది. "మా ఇంట్లో ఇంతదాకా చదివి తప్పింది ఇదొక్కతే. మిగతావాళ్లం చదవకుండానే తప్పాం" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పింది.

మేం ఉమ్మ అని పిలిచే మా అమ్మ సుహర ఆమె కడుపున పుట్టలేదు. వల్లిమ్మ అక్క బీయాత్తు కూతురు. కాన్పయిన తొమ్మిదో రోజున బీయాత్తు చనిపోతే, పందొమ్మిదేళ్ల వల్లిమ్మ ఆ పసిగుడ్డుని చేతుల్లోకి తీసుకుంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు చంకలో బిడ్డని చూసి చాయ్ తాగి వెళ్లిపోయేవారట. మూడో సంబంధం కూడా అలాగే పోయాక ఇంకెవరూ రాలేదు. ఆమె కూడా ఎవరికోసమూ చూడలేదు. ఉమ్మ ఆమెని ఉమ్మా అనే పిలిచేది. ఇదంతా ఊరికి తెలిసినదే. ఊరికీ ఉమ్మకీ తెలియని సంగతి ఇంకొకటుంది. అది నాకు పన్నెండేళ్లప్పుడు ఆసుపత్రి బల్ల మీద పడుకుని ఉండగా తెలిసింది.

ఆ ఏడు ఎండాకాలంలో నేను జీడిమామిడి చెట్టు మీంచి పడ్డాను. మా పెరట్లోనూ జీడిమామిడి ఉంది. కానీ నేనెక్కింది పక్కింటి ఆయిషత్త వాళ్లది. ఎడమ కాలి ఎముక విరిగింది. తాలూకా ఆసుపత్రిలో తొడ దాకా పిండికట్టు వేసి, అయిదు వారాలు మంచం దిగొద్దన్నారు. అయిదు వారాల తర్వాత కట్టు విప్పితే నా కాలు ఎండిన మునక్కాయలా బయటపడింది. మూడో రోజుకి అదే కాలు అరటిబోదెలా తయారైంది.

మా వైపు కట్టు విప్పిన కాలికి నూనె పెట్టి రుద్దాల్సిందే. ఎముక అతికించేది డాక్టరు, మనిషిని నడిపించేది నూనె అంటారు. రుద్దకుండా వదిలేస్తే ఆ ఇంట్లో పెద్దవాళ్లు లేరనుకుంటారు. మా ఇంట్లోనేమో ఊరందరి కాళ్లూ పట్టే మనిషే ఉంది. అందుకని అందరూ వల్లిమ్మ చేతులకేసి చూశారు. ఆయిషత్త అయితే కర్పూరం వేసి కాచిన నూనె సీసాతో సహా వచ్చింది.

వల్లిమ్మ నా కాలి మీద అరచెయ్యి వెయ్యలేదు. చెయ్యి తిప్పి, వేళ్ల వెనక భాగం ఆనించి చూసింది. ముందు కుడి పిక్క, తర్వాత ఎడమ పిక్క. పాదం మెల్లగా పైకి వంచింది. పిక్కలో కత్తి దిగినట్టయి నేను మూలిగాను. ఆమె లోపలికి వెళ్లి నూలుదారం తెచ్చింది. మోకాలికి నాలుగు వేళ్ల కింద ఒక్కో కాలికీ విడిగా చుట్టి, రెండు ముడులు వేసింది. ముడుల మధ్య రెండు వేళ్ల దూరం తేలింది. సాయంత్రం మళ్లీ చుట్టింది. మూడు వేళ్లు.

"ఈ కాలు ఎవరూ ముట్టుకోవద్దు. రేపు ఆసుపత్రికి పోదాం" అంది.

"ఊరి కాళ్లన్నీ పట్టావు, సొంత మనవరాలి కాలు పట్టడానికి బతిమాలించుకుంటావా ఇయ్యాచ్చుత్తా?" అంది ఆయిషత్త.

"ఆ నూనె నీ నాలిక్కి రాసుకో. కాస్త మెత్తబడుతుంది."

ఆయిషత్త మూతి తిప్పుకుని వెళ్లింది. సీసా మాత్రం మా కిటికీలోనే వదిలేసింది.

మర్నాడు బుధవారం. ఉమ్మా, వల్లిమ్మా నన్ను ఆటోలో వేసుకుని తాలూకా ఆసుపత్రికి వెళ్లారు. నాన్న, అంటే మా ఉప్ప, కలప లారీ మీద మైసూరు వైపు పోయి అప్పటికి నాలుగు రోజులైంది. అక్కడ కూర్చున్న కుర్ర డాక్టరు నా కాలికేసి ఒకసారి, గడియారంకేసి రెండుసార్లు చూశాడు.

"కట్టు విప్పాక ఇలాగే వాస్తుంది. నడిపించండి. ఇంట్లో కొంచెం నూనె రాసి రుద్దండి. తగ్గిపోతుంది."

"ఇది ఆ వాపు కాదు సారూ" అంది వల్లిమ్మ. "ఆ వాపు పాదంలో మొదలై పైకి వస్తుంది. ఇది పిక్కలో మొదలై కిందికి దిగింది. ఒక కాలే వేడిగా ఉంది. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటుంది. స్కానింగు రాయండి."

"ఎవరు చెప్పారు గడ్డ కట్టిందని?"

"కాలు చెప్పింది."

"అది ముసలివాళ్లకీ, బాలింతలకీ వచ్చే జబ్బమ్మా. పన్నెండేళ్ల పిల్లకి రాదు."

"రాదని మీకు తెలుసు సారూ. దాని కాలికి తెలియాలి కదా."

వరసలో నిలబడినవాళ్లు నవ్వారు. కుర్ర డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఉమ్మ వల్లిమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "చదువుకున్నవాళ్ల ముందు నా పరువు తీస్తావెందుకు ఉమ్మా? ఆయనే రుద్దమంటున్నాడు. నువ్వేమో చెయ్యి జేబులో పెట్టుకున్నావు" అంది. వల్లిమ్మ వేసుకునే కుప్పాయానికి జేబు లేదు. నేను ఆ మాటే చెప్పబోతే ఇద్దరూ నా మీద పడ్డారు.

ఆ మధ్యాహ్నం వల్లిమ్మ కాన్పు ఇంటికి పనికి వెళ్లింది. వెళ్తూ మళ్లీ చెప్పింది, ముట్టుకోవద్దని. ఆమె గేటు దాటగానే ఉమ్మ కిటికీలోంచి సీసా తీసింది.

"డాక్టరే చెప్పాడు కదా. నువ్విలా కుంటిదానివైపోతే రేపు నన్నే అంటారు. వల్లిమ్మకి చెప్పకు" అంది.

కింది నుంచి పైకి రుద్దింది. నేను మంచం పట్టీ కొరికాను. రుద్దుతూ రుద్దుతూ తనూ ఏడ్చింది. తర్వాత వాసన పోవడానికి పెసరపిండితో కాలంతా కడిగింది. నేను వల్లిమ్మకి చెప్పలేదు. అప్పట్లో నేను దాచని సంగతంటూ ఉండేది కాదు కాబట్టి అది పెద్ద కష్టమనిపించలేదు.

గురువారం పొద్దుటికి వాపు తొడ దాకా పాకింది. చర్మం నీలంగా మెరుస్తోంది. వల్లిమ్మ దారం చుట్టింది. ముడి వెయ్యకుండానే లేచి ఆటో పిలవమంది.

ఈసారి డ్యూటీలో ఉన్నది డాక్టర్ ఫసీల. మా ఊరి అమ్మాయే. వల్లిమ్మ తీర్చిన ముక్కుల్లో బాగా కుదిరిన ముక్కు ఆమెది. ఆ ఇంట్లో మూడు కాన్పులకీ వల్లిమ్మే నీళ్లు పోసింది. ఫసీల ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచింది. నన్ను తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులతో కాలు చూసింది. కుర్ర డాక్టరులా గడియారం చూడలేదు.

"మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది ఇయ్యాచ్చుత్తా. కానీ పిల్లల్లో ఇది చాలా అరుదు. చర్మం కింద చీము పట్టినా ఇలాగే ఉంటుంది. మందు మొదలుపెట్టి రెండు రోజులు చూద్దాం."

"రెండు రోజులు చూడ్డానికి ఇది సినిమా కాదు. స్కానింగు రాయమ్మా."

"ఆ మిషన్ మంగళవారం, శుక్రవారం మాత్రమే. ఇవాళ తియ్యాలంటే పెద్ద డాక్టరుకి గట్టి కారణం రాయాలి. దారంతో కొలిచామని రాస్తే నవ్వుతారు."

"ఎలాంటి కారణం కావాలి?"

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందంటే అది కారణమే."

 వల్లిమ్మ ఉమ్మ వైపు తిరిగింది. "సుహరా, పిల్లకి ఒక చాయ్ పట్టుకురా. చక్కెర ఎక్కువ వెయ్యమను."

నేను చాయ్ అడగలేదు. ఉమ్మ వెళ్లింది. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. కళ్లు మూసుకుంటే పిల్లలకి చెవులు కూడా మూసుకుపోతాయని పెద్దవాళ్ల నమ్మకం.

"మా అక్క బీయాత్తుకి ఇలాగే వచ్చింది" అని మొదలుపెట్టింది వల్లిమ్మ. ఆమె గొంతు అంత నెమ్మదిగా వినడం నాకు అదే మొదలు. "ఎడమ కాలే. పిక్కలోనే మొదలు. అప్పుడే నాకు మా అమ్మ పని నేర్పిస్తోంది. నాకు చెయ్యి కుదిరిందని పొగరు. తొమ్మిదో రోజు పొద్దున నూనె పెట్టి కింది నుంచి పైకి నాలుగుసార్లు రుద్దాను. అక్క హాయిగా ఉందే అంది. లేచి కూర్చుంది. ఇయ్యాచ్చూ, ఊపిరి అందడం లేదే అంది. అంతే. సుహర ఉయ్యాలలో ఉంది."

ఫసీల చీటీ దగ్గరికి లాక్కుంది.

"ఆ తర్వాత ఇలాంటి కాళ్లు రెండు చూశాను. రెండిటినీ ముట్టుకోకుండా మోసుకుని ఆసుపత్రికి పంపించాను. ఇద్దరూ బతికున్నారు. ఇది బీయాత్తు మనవరాలు. అదే రక్తం. కారణం చాలదా?"

"చాలు ఇయ్యాచ్చుత్తా. ఇప్పుడే రాస్తాను."

"సుహరకి తెలియదు. వాళ్లమ్మ జ్వరంతో పోయిందనే దానికి చెప్పాం. నువ్వు చెప్పకూడదు."

"చెప్పను" అంది ఫసీల. ఆమె చెయ్యి వల్లిమ్మ చెయ్యి మీద వెయ్యడం రెప్పల సందులోంచి నేను చూశాను.

కాగితం పట్టుకుని స్కానింగు గదికి వెళ్తే, అక్కడి సజీవన్ తాళం వేస్తున్నాడు. "అర్జెంటు అని రాసినా సరే, మిషన్ వేడెక్కడానికే గంట పడుతుంది. రేపెలాగూ శుక్రవారమే. పొద్దున్నే రండి" అన్నాడు. వల్లిమ్మ అతని ముఖం పరకాయించి చూసింది.

"నువ్వు పుళిక్కల్ వాళ్ల అల్లుడివి కదూ? మీ ఆవిడ రెండో కాన్పప్పుడు గుమ్మంలో నిలబడి ఏడ్చింది నువ్వే కదా?"

సజీవన్ అటూ ఇటూ చూశాడు. వరండాలో చాలామంది ఉన్నారు.

"ఏడిస్తే తప్పేంటి. మంచివాడివి కాబట్టి ఏడ్చావు" అంది వల్లిమ్మ, గొంతు ఇంకాస్త పెంచి. "ఏడుస్తూ ఏం అన్నావో కూడా నాకు గుర్తే. అదేంటంటే..."

సజీవన్ తాళం తీశాడు.

చల్లటి జిగురు నా కాలి మీద పూసి, ఇస్త్రీ పెట్టెలాంటిది జరుపుతూ పోయాడు. మోకాలి వెనక ఆగాడు. మళ్లీ జరిపి తొడ దగ్గర ఆగాడు. ఉన్నట్టుండి అతనికి మా ఇంటివాళ్లంటే గౌరవం పుట్టింది. "పాపని కదపకండి" అని చెప్పి తనే పరిగెత్తాడు. మోకాలి వెనక నుంచి తొడ సగం దాకా నరంలో రక్తం గడ్డ కట్టి ఉందట. నడవమన్నవాళ్లందరూ ఇప్పుడు కాలు కదపొద్దు, చెయ్యి కదపొద్దు అన్నారు.

పెద్ద డాక్టరు గోవిందన్‌కుట్టి వచ్చాడు. నా కాగితాలన్నీ తిరగేసి, బుధవారం చీటీ దగ్గర ఆగాడు.

"నిన్న వచ్చిందా ఈ పిల్ల? చూసి ఇంటికి పంపిందెవరు?"

కుర్ర డాక్టరు గోడ పక్కన నిలబడి చెప్పుల కేసి చూసుకుంటున్నాడు. రుద్దమని అతను నోటితో చెప్పాడే గానీ చీటీలో రాయలేదు. పెద్ద డాక్టరు కళ్లు ఫసీల మీదికి తిరిగాయి. అప్పుడు ఫసీల నోరు తెరిచింది.

"సార్, వీళ్ల అమ్మమ్మ బాలింతలకి ఒళ్లు పట్టే ఆవిడ. ఇంట్లో రుద్ది ఉంటారు. నిన్న చూసినప్పుడు వాపు ఇంత లేదని రాసి ఉంది. ఆ తర్వాతే పెరిగింది. ఇంతకుముందు కూడా..." అని ఒక్క క్షణం ఆగింది. ఆగి మానెయ్యొచ్చు. మానలేదు. "ఈవిడ అక్కకి ఇలాగే వాస్తే ఈవిడే రుద్దారట. ఆమె అక్కడికక్కడే పోయిందట. ఈవిడే నాతో చెప్పారు."

ఉమ్మ నేను తాగకుండా వదిలేసిన చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

వల్లిమ్మ ఫసీల వైపు చూడలేదు. పెద్ద డాక్టరుతోనే మాట్లాడింది. "నేను రుద్దలేదు సారూ. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రుద్దనన్నానని నన్ను ఊరంతా తిట్టింది. అడగండి."

నర్సు అప్పుడే నా కాలు తుడుస్తోంది. వేళ్ల సందుల్లో దూది పెట్టి తీసి, "నూనె ఉంది సార్" అంది.

వల్లిమ్మ వంగి ఆ దూది వాసన చూసింది. కర్పూరం. నిటారుగా లేచి ఉమ్మకేసి చూసింది. ఉమ్మ అంతకుముందు నుంచే ఆమెకేసి చూస్తోంది. చిన్నప్పటి నుంచీ తెలిసిన ముఖంలో ఇంకెవరినో చూస్తున్నట్టు చూస్తోంది. నోరు మాత్రం విప్పలేదు.

పెద్ద డాక్టరు నా మీదికి వంగాడు. "భయపడకు పాపా. నిన్నెవరూ తిట్టరు. గట్టిగా రుద్దారా, ఎప్పుడు రుద్దారు అన్నది నాకు తెలియాలి. గడ్డ తెగి కదిలితే ఊపిరితిత్తులకి పోతుంది. దాన్ని బట్టి మందు పెట్టాలి. ఎవరు రుద్దారు?"

నేను ఉమ్మ ముఖం చూశాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత వల్లిమ్మ ముఖం చూశాను. ఆమె నా జవాబు కోసం తొందరపడటం లేదు. నా నోట్లోంచి ఏం వస్తుందో ఆమెకి అనుమానమే లేదు. వెర్రి మనిషి.

"వల్లిమ్మ" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది.  కుర్ర డాక్టరు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"అవును సారూ" అంది వల్లిమ్మ. "నిన్న మధ్యాహ్నం భోజనాల తర్వాత. కింది నుంచి పైకి. గట్టిగానే రుద్ది ఉంటాను. రాసుకోండి. రాసుకుని తొందరగా పంపించండి."

నిన్న మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదు. ఆమె లేని పూట అదొక్కటే కాబట్టి, అప్పుడే అయి ఉంటుందని లెక్క కట్టింది.

సూది వేసి నన్ను అంబులెన్సు ఎక్కించారు, నగరంలో మెడికల్ కాలేజీకి పంపడానికి. వల్లిమ్మ మెట్టు మీద కాలు పెట్టబోతే ఉమ్మ అడ్డంగా నిలబడింది.

"మీరు రావద్దు" అంది.

మాటలు వచ్చినప్పటి నుంచీ ఉమ్మ ఆమెని నువ్వు అనే పిలిచింది. వల్లిమ్మ కాలు వెనక్కి తీసుకుంది.  లోపల కూర్చున్న నర్సుతో, "దారిలో లేపి కూర్చోబెట్టకండమ్మా. అడిగినా సరే, పడుకోబెట్టే ఉంచండి" అంది. తలుపు వేసేశారు.

మెడికల్ కాలేజీలో పదకొండు రోజులున్నాను. రోజుకి రెండుసార్లు పొట్ట మీద సూది. తర్వాత ఎనిమిది నెలలు మాత్రలు. చివరికి తేలిందేమిటంటే, రక్తం గడ్డ కట్టకుండా చూసే సరుకేదో నా ఒంట్లో తక్కువ. ఉమ్మకీ తక్కువే. తల్లి వైపు నుంచి వచ్చిందన్నారు. డిశ్చార్జి రోజున అక్కడి డాక్టరు, "ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో. అంత పట్టుబట్టి స్కానింగు చేయించిందెవరు?" అని అడిగాడు.

"మా ఊరి డాక్టరమ్మ" అంది ఉమ్మ.

అప్పుడు నా నోట్లో థర్మామీటర్ ఉంది. లేకపోతే మాత్రం నేనేమనేదాన్నో చెప్పలేను.

మేం తిరిగి వచ్చేసరికి వల్లిమ్మ తన బట్టలు తీసుకుని రేవు దగ్గరి పాత ఇంటికి వెళ్లిపోయింది. ఉమ్మ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. ఆసుపత్రి కాగితంలో రాసిన మాట మాకంటే ముందే ఊరు చేరింది. ఇయ్యాచ్చుత్త సొంత అక్కని చంపిందట, మనవరాలినీ చంపబోయిందట. కాన్పు ఇళ్ల నుంచి కబురు రావడం ఆగిపోయింది. ఆమె పని సగంలో ఉన్న బాలింత కూడా ఇరవై రెండో రోజున గేటు దగ్గరే, ఇక చాలు ఇయ్యాచ్చుత్తా అందట. ఆయిషత్త మాత్రం, ఆ నూనె తనదేనని ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ల తర్వాత ఫసీలకి కొడుకు పుట్టినప్పుడు ఒళ్లు పట్టడానికి పట్నం నుంచి ఒకేరంగు చుడీదార్లు వేసుకున్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. నలభై రోజులూ స్కూటరు మీద వల్లిమ్మ ఇంటి ముందు నుంచే వెళ్లారు.

నేను రేవుకి వెళ్తూనే ఉండేదాన్ని. పిల్లి గురించీ, వాన గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఆమె నన్ను వెక్కిరించేది, నేను ఆమెని వెక్కిరించేదాన్ని. ఆ గురువారం దగ్గరికి మాత్రం ఇద్దరం పోయేవాళ్లం కాదు.

పోయిన ఏడు నాకు కడుపు వచ్చింది. మా వంశం సంగతి తెలిసిన డాక్టర్లు మళ్లీ సూదులు మొదలుపెట్టారు. ఒకరోజు ఉమ్మ నాకు సూది వేస్తుంటే అడిగాను.

"రుద్దింది నువ్వని ఒక్కసారి చెప్పెయ్యి ఉమ్మా. ఊరికి కాకపోతే ఆమెకైనా."

ఉమ్మ సూది తీసి, దూది అదిమిపట్టింది.

"ఆమె మా ఉమ్మని చంపింది. అన్నం కలిపి పెడుతూ ముప్ఫై రెండేళ్లు నా దగ్గర దాచింది. నేను దాచింది ఒక్క మధ్యాహ్నం" అంది.

లెక్కల్లో నేనెప్పుడూ తప్పేదాన్నే. 

ఆ సాయంత్రం పత్తిరి రొట్టెలూ చేపల పులుసూ గిన్నెలో పెట్టుకుని రేవుకి వెళ్లాను. వల్లిమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"పొట్ట పెరిగింది, బుద్ధి పెరిగిందా?" అంది నన్ను చూసి.

నేను నవ్వలేదు. "వల్లిమ్మా, ఆ రోజు కాలు రుద్దింది..."

"తెలుసు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఆయనకి కావలసింది పేరు కాదు, గంట. ఎప్పుడు రుద్దారో తెలిస్తే గానీ మందు పెట్టడు. మీ ఉమ్మ నోరు తెరిచేలా లేదు. రుద్దింది నేను కాదని వాదిస్తూ కూర్చుంటే నువ్వు నా కళ్లముందే పోయేదానివి. ఒకసారి చూశాను, చాలదా?"

"ఫసీల మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? రోజూ ఉంది. అయిదు పూటలా నమాజు చేసి లేచాక కూడా ఉంటోంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దాన్ని నమ్మి చెప్పాను."

"ఉమ్మ మీద?"

ఆమె ఒక గింజ తీసి పక్కన పెట్టింది. "దాన్ని అనకు. దాని తల్లి ప్రాణం తీసింది ఈ చెయ్యే. అది ఏమన్నా పడాలి."

ఇక అడక్కుండా ఉంటే బాగుండేది. నా నోరు ఎప్పుడూ ఉండాల్సిన చోట ఉండదు.

"మరి నా మీద?"

వల్లిమ్మ చింతపండు పళ్లెం పక్కకి జరిపింది. చేతులు తుడుచుకుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే తేలిగ్గా ఉండేది.

"సుహరకి తల్లి పోయింది. ఫసీలకి కొత్త ఉద్యోగం, పోతుందని భయం. వాళ్లకి ఏదో ఒకటి ఉంది" అంది. "నీకేం పోయేదే, నా పేరు చెప్పకపోతే?"

ఆమెకి ఎదురుచెప్పడంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు. రేవులో పడవ ఒకటి ఇవతలికి వచ్చి, జనాన్ని దింపి, మళ్లీ అవతలికి వెళ్లిపోయింది. 

"పత్తిరి చల్లారిపోతోంది. తిను వల్లిమ్మా" అన్నాను చివరికి.

"అక్కడ పెట్టు" అంది.

పెట్టాను. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. నేనున్నంతసేపూ ఆమె గిన్నె మూత తియ్యలేదు.